నిమ్మచెక్క

అనంతపురంలో ఎస్పీ ఆఫీసు గోడకానుకొని మా కొట్టు.
జిరాక్సు రెండు రూపాయలు, పాస్‌పోర్టు ఫొటోలు ఆరు, యాభై.
అర్జీ నింపితే ఇచ్చినంత.
పేరు అడిగినోళ్లకు మాబున్నిని,
అడగనోళ్లకు జిరాక్సమ్మను.

ఆ పొద్దు కరెంటు పోయి వచ్చి పోయి వచ్చినాక
తెల్ల కారొకటి
చెప్పులు కుట్టే నాగన్న గొడుగు మీదికి ఎక్కబోయి ఆగింది.
దిగినాయన కొరియా ఆయన.
పెనుకొండ దోవలో లేస్తాండే కొత్త ఫ్యాక్టరీలో
ఇనుప రేకును ఒక్క దెబ్బకు కారు తలుపు చేసే మిషన్ ఉందంట,
అది అలిగితే బుజ్జగించేది ఈయనొక్కడేనంట.
వెంట వచ్చింది ధర్మవరం పిల్లోడు,
మెడలో తాడు, తాడుకు వాని ఫొటో.
"అక్కా, తొందర" అన్నాడు.
తొందర వానిది కాదు, ఆ వీసా పేరే తొందరంట.
సోమవారం అడిగితే బుధవారం చేతికొచ్చిందంట.

ఫారంలో ఒక గడి: ఏడాది జీతం.
పిల్లోడు చెప్తాంటే సున్నాలు కొట్టినా.
ఒకటెక్కువ పడిందేమోనని తుడిచినా.
"తుడవద్దక్కా, అది ఉండాల్సిందే."
ఆ గడి నిండితే మిగతా గడులు నోరెత్తవంట.
ఎందుకొచ్చినావు, ఎవరి పని చేస్తావు, ఎప్పుడు పోతావు,
అన్నిటికీ ఆ సున్నాలే జవాబు.
మా నాయన కూడా సున్నాలు వేసేవాడు శెనక్కాయ లెక్కలో,
పెన్సిలు ఒత్తిపట్టి.
అవి ఎప్పుడూ అంకెకు ముందరే పడేవి.

వేలు పెట్టమన్నా.
ఎర్ర లైటు.
ఇంకో వేలు.
ఎర్ర లైటు.
పిల్లోడు ఫోను తీసి ఎవరికో సార్ సార్ అంటాన్నాడు.
నేను ఆయన చెయ్యి తిప్పి చూసినా.
గీతల్లేవు.
వంకలో నీళ్లు నాకిన గులకరాయి మాదిరి నున్నగా ఉంది.
ఇంత జీతమాయనకు ఈ చెయ్యెట్లా వచ్చిందప్పా!

ఈ చెయ్యి నాకు తెలుసు.
తాడిపత్రి బండలకు పాలిష్ పట్టి పట్టి
తన వేళ్లకూ పట్టించుకున్న ఓబులక్కది ఇట్లాంటిదే.
మూడు నెల్లుగా చౌకదుకాణం మిషన్ ఆమెను నమ్మడంల్యా.
నువ్వు నువ్వేనని ఏం రుజువంటాది.
రేపు రమ్మంటే ఆమె రేపొస్తాది,
రేపూ ఎర్రగానే వెలుగుతాది.

ఆయనేదో చెప్పినాడు, పిల్లోడు తెలుగు చేసినాడు.
పదహారేండ్లకు రేకుల షెడ్డులో పనికి కుదిరినాడంట.
గ్లోవ్సులు లేవంట.
రాత్రిపూట వాళ్లమ్మ ఏదో నూనె రాసేదంట,
దాని పేరు తెలుగులో లేదంట.

సొరుగులో నిమ్మచెక్క ఉంటాది నాకు,
ఓబులక్క కోసమే పెట్టుకున్నది.
ఆయన చేతిలో పెట్టినా. రుద్దమన్నా.
ఆనెక తలవెంట్రుకల్లో రుద్దుకోవల్లని చేసి చూపించినా.
చేసినాడు. చంటోని మాదిరి నగినాడు.
పులుసు ఏ పాత గాయంలోకో దిగినట్టుంది,
స్స్ అన్నాడు.
దానికి మాత్రం పిల్లోడు తెలుగు చేయలేదు.

ఆరోసారీ ఎర్రదే.
అంతలో ఫోను మోగింది.
వేలు పడకపోయినా పంపించేయమన్నాడంట సారు.
పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో
మినహాయింపు అని ఒక గడి.
పదకొండేండ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నా, నేను చూడనే లేదు.
నొక్కితే పచ్చగా వెలిగింది.

కారు పోయింది.
ఐదొందలిచ్చి చిల్లర వద్దన్నాడు,
వాడిన నిమ్మచెక్కను మాత్రం జేబులో వేసుకొని పోయినాడు.

సాయంత్రం డీలరు రామాంజులు దగ్గరికి పోయినా.
నీ మిషన్‌లో అడుగున చూడప్పా, ఒక గడి ఉండల్ల, అన్నా.
కండ్లద్దాలు నెత్తి మీదికి తోసి చాలాసేపు చూసినాడు.
"ఉంది మాబున్నీ.
నొక్కేదానికి నా వేలు చాలదు."

వస్తా వస్తా ఒక నిమ్మకాయ కొన్నా, ఐదు రూపాయలు.
రెండు చెక్కలు చేసినా.
ఒకటి ఓబులక్కకు.
రెండోది ఎండిపోకుండా నీళ్లల్లో వేసి పెట్టినా,
పెనుకొండలో ఆ మిషన్
మళ్లీ ఎప్పుడు అలుగుతాదో ఏమో.