మూడు లెక్కపెట్టేదాకా

మే ఎండలో మూడు రోజులు
సికింద్రాబాద్‌లో ఒక బడి పై అంతస్తులో కూర్చోబెట్టారు మమ్మల్ని.
ఫ్యాన్లు మూడు, మేం తొంభై మందిమి.
పొద్దున ఒక సంతకం, సాయంత్రం ఒక సంతకం,
నడుమ ఉప్మా, అందులో జీడిపప్పు ఎవరికొచ్చిందన్న చర్చ.
ఖలీల్ సార్ వెనక వరసలో సుడోకు నింపుతున్నాడు.
నేను రిటైర్మెంట్‌కి ఎన్ని నెలలో లెక్క వేస్తున్నాను,
లెక్కల మాస్టర్ని కదా.

రెండో రోజు భోజనాలయ్యాక
సుమేధ అనే అమ్మాయి, నా సర్వీసంత వయసు కూడా ఉండదు,
ఎవరిదో పాఠం వినిపించింది.
"ప్రశ్న అడిగాక మాస్టారు ఎంతసేపు ఆగారో లెక్కపెట్టండి."
ఒకటి అనేలోపే ఆయన జవాబు చెప్పేశాడు.
హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.
వెనకాల రైలు కూత వినపడ్డాక గుర్తుపట్టాను,
ఫిబ్రవరిలో అడిగితే నేనే పంపిన పాఠం అది.
ఆ అమ్మాయి పేరు చెప్పలేదు,
నా వైపు చూడను కూడా లేదు.

మా బడి సీతాఫల్‌మండిలో, పట్టాలకి ఆనుకుని.
రైలొస్తే కిటికీ చువ్వలు వణుకుతాయి.
చాక్‌పీసు బోర్డు మీదే ఆపి నిలబడతాను
చివరి పెట్టె దాటేదాకా. గూడ్సయితే ఇంకాసేపు.
ఇరవై ఆరేళ్లలో ఏ రైలునీ తొందరపెట్టలేదు,
పిల్లల్నే.

జూన్. ఏడో తరగతి, బి సెక్షన్.
"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"
అడిగి, చేతులు వెనక్కి కట్టుకున్నాను.
ఒకటి.
ముందు బెంచీ చేతులెత్తింది, కళ్లతోనే దించమన్నాను.
రెండు.
ఎవరిదో పెన్సిల్ కింద పడి దొర్లింది.
మూడు.
మూడు ఇంత పెద్ద అంకె అని ఎవరూ చెప్పలేదు నాకు.
నోటిదాకా వచ్చిన జవాబుని వక్కలా బుగ్గన పెట్టుకున్నాను.
నాలుగు, అయిదు...

కిటికీ పక్క కేతావత్ నందిని లేచింది.
దేవరకొండ నుంచి వచ్చి వారాసిగూడలో అపార్ట్‌మెంట్ కాపలా ఉంటారు వాళ్లోళ్లు.
నిరుడంతా హాజరు పిలిస్తే తప్ప దాని గొంతు వినలేదు.
"దేంట్ల సార్?"
"దేంట్ల ఏంది?"
"చిన్న బన్నుల మూడో వంతు, పెద్ద బన్నుల నాలుగో వంతు అయితే?
మా తమ్ముడు గట్లనే మోసం చేస్తడు."

ఎవరూ నవ్వలేదు.
నలభై మూడు మొహాలు నా వైపు తిరిగాయి.
ఇప్పుడు లెక్కపెడుతున్నది వాళ్లు.
జవాబు తెలియక కాదు,
ఇలా అడుగుతారని తెలియక.

ఫలక్‌నుమా పోయే లోకల్ వచ్చింది, బతికాననుకున్నాను.
చివరి పెట్టె దాటింది.
నందిని ఇంకా నిలబడే ఉంది.
చాక్‌పీసు దాని చేతికిచ్చాను.
బన్ను గీసింది, బోర్డు చాలనంత.

మర్నాడు సిలబస్ తొందరలో
ఒకటి కూడా లెక్కపెట్టలేదు నేను. దాచడమెందుకు.
ఆ మర్నాడు మళ్లీ చేతులు వెనక్కి కట్టుకున్నాను.

జూలైలో కాగితం వచ్చింది:
శిక్షణ వల్ల తరగతిలో వచ్చిన మార్పు, రెండు వాక్యాల్లో.
"చాలా ఉపయోగపడింది" అని రాసి
ఖలీల్ సార్ పెన్ను నా వైపు తోశాడు.
నా గడి ఇంకా ఖాళీగానే ఉంది.
ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది.
ఆగమన్నాను.