ఐసు బండి చెప్పిన ఊరు

గుంటూరు మిర్చియార్డు వెనక
రాత్రి రెండింటికి
నలభై దిమ్మలు ఎక్కిస్తారు నా బండికి.
పైన ఊక, ఊక మీద తడి గోతాలు,
గోతాల మీద పట్టా.

కొత్తమొగ ఎంత దూరమని అడిగితే
కిలోమీటర్లు చెప్పను.
తెనాలిలో పట్టా చెమరుస్తుంది,
భట్టిప్రోలు దగ్గర మొదటి చుక్క,
రేపల్లె దాటాక బండి వెనకాల సన్నటి గీత.
దిమ్మలో నాలుగో వంతు పోయేసరికి
తారు రోడ్డు కూడా అయిపోతుంది.
అక్కడ ఊరు.

బస్సు బోర్డు మీద దాని పేరు లేదు.
జిల్లా మారిందని కాగితం వచ్చింది గానీ
వాళ్ళింకా గుంటూరు జిల్లా అనే చెప్పుకుంటారు.
ఎనభై రెండు గడపలు.
ఉప్పుగాలి నాకి నాకి
ఇటుకలు పొడి రాలుతున్న గోడలు.
తుఫాను షెల్టరు ఒకటి:
పొద్దున బడి, సాయంత్రం వలల కొట్టు,
పెళ్ళిళ్ళకి విడిది.
తుఫానొస్తే మాత్రం ముసలాళ్ళు అందులోకి పోరు,
పడవల తాళ్ళు పట్టుకుని ఇసకలోనే కూర్చుంటారు.

"మరి పాతమొగ యాడుంది?"
కొత్తలో అడిగాను.
యేసోబు బీడీ తీసి
సముద్రంలోకి వేలు చూపించాడు.
"అదిగో, ఆ నురగ విరిగే చోట.
మా నాయన పెళ్ళి పందిరి అక్కడే ఏశారు."
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

పడవలు ఒడ్డెక్కేసరికి
దిమ్మల మీద కొయ్య సుత్తులు మోగుతుంటాయి.
ఎగిరిన ముక్కల కోసం పిల్లలు,
పిల్లల వెనక కుక్కలు.
కానాగంతలు, సావళ్ళు, తట్ట అడుగున
ఎవరూ కొనని ముళ్ళ చేపలు.
ఆడాళ్ళు వేలం పాడుతుంటే
లెక్క నాకు అందదు,
వేళ్ళు మడిచేలోపే ధర దాటిపోతుంది.
వేట ఆపిన రెండు నెలలూ నేనూ పోను.
ఆ రోజుల్లో ఊరు ఎలా ఉంటుందో
చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పోయిన కార్తీకంలో
మూడు దిమ్మలు చేపలకి పోలేదు.
కొక్కిలిగడ్డ నాంచారమ్మ పెనిమిటి చుట్టూ పేర్చారు,
కూతురు కాకినాడ నించి వచ్చేదాకా.
వాటికి డబ్బు వద్దన్నాను.
"ఐసు ఐసే గదయ్యా, రాసుకో" అని
గొడవ పడిందామె.
రాసుకున్నాను. అడగలేదు.
ఖాతాలో ఆ గీత అలాగే ఉంది.

ఆమె చూరుకి ఒక నీలం డబ్బా వేలాడుతుంది,
అలలు తెచ్చి పడేసింది.
దాని మీద అక్షరాలు ఇంగ్లీషువే,
మాట మాత్రం ఇంగ్లీషు కాదు.
బడి పంతులు కూడబలుక్కుని చదివి,
ఇండోనేషియా అయ్యుంటుందన్నాడు,
అప్పుడు పెద్ద అల పుట్టింది ఆ పక్కనే అన్నాడు.

ఈ పొద్దు బండి కడుగుతుంటే వచ్చింది.
"అయ్యా, ఈ నీళ్ళకి అవతల
మనలాంటి ఊరే ఉంటదంటావా?"
ఉంటుందన్నాను.
"దానికీ పాత ఊరొకటి నీళ్ళలో ఉంటదా?"
పలకలేదు నేను.
తడి ఊక కాలితో పక్కకి నెడుతూ
ఆమె మళ్ళీ అంది:
"వాళ్ళకి ఐసు ఎవరు తెస్తారో."

తూర్పున ఎండ అప్పటికే చుర్రుమంటోంది.
మనకంటే ముందే తెల్లారుతుంది వాళ్ళకి.
వాడెవడో, నాకన్నా ముందు నిద్ర లేచేవాడు,
ఈపాటికి బండి ఖాళీ చేసి
గోతాలు పిండుకుంటూ ఉంటాడు.

"ఎవడో ఒకడు తెస్తాడులే" అన్నాను.
ఆమె డబ్బా వైపు ఓసారి చూసి
రేపటికి రెండు దిమ్మలు ఎక్కువ చెప్పింది.