భూమికి ఒక బిందె

ఉరవకొండ సంత మైదానం వెనక
మా రేకుల బండి ఆపినాం.
ఎనిమిదడుగుల ఇల్లు, రెండు చక్రాలు,
లోపల దూది ఏకే మిషను, నేను, లాలప్ప.

టీకొట్టు వన్నూరప్ప కరెంటిస్తానన్నాడు:
రోజుకి ముప్పై, మిషను ఆడితే యాభై.
పసుప్పచ్చ వైరు దారికడ్డంగా వచ్చింది.
ఎద్దుల బండ్లకి తెగకుండా
దాని మీద గోనెపట్ట, గోనె మీద రాళ్లు.

తలుపు పట్టుకుంటే జివ్వుమంది.
రేకంతా పాకుతోంది కరెంటు.
"కడ్డీ ఉండాది," అన్నాడు లాలప్ప,
"మట్టే సచ్చిపోయిండాది."
మూడేళ్లుగా తడి ఎరగని ఎర్రనేల
షాకుని కూడా లోపలికి రానీదు.

కడ్డీ మొదట్లో గుప్పెడు ఉప్పు, ఇంత బొగ్గు.
ఆపైన బిందెడు నీళ్లు.
ఐదు రూపాయలిచ్చి, క్యూలో నిలబడి తెచ్చిన
తాగే నీళ్లు.
నా చేత్తోనే పోశాను.
గుటకలు వినిపించాయి.
మళ్లీ తలుపు ముట్టుకున్నా, మడమ చేత్తో, భయంగా.
ఉత్త రేకు.

పదింటికి వన్నూరప్ప కొట్టు కట్టేస్తాడు,
మా ప్లగ్గు పీకేసి మరీ.
ఇక బ్యాటరీ.
గుంతకల్లులో లారీ నుంచి దించిన ముసలిది,
పేరుకి పన్నెండు వోల్టులు,
పదకొండుకే ఆయాసం.
ఫ్యానూ బల్బూ రెండూ మోయదు.
లాలప్ప దూది దుమ్ముకి దగ్గుతున్నాడు.
ఫ్యానే వేశా.

చీకట్లో ఎవరిదో పెళ్లిపరుపు,
సగం ఏకిన దూది, మసక మసగ్గా తెలుపు.
దాని మీదే నడుం వాల్చాను. ఎవరితోనూ చెప్పకండి.

పొద్దున్నే బ్యాటరీకి నీళ్లు కొనాలి.
అది బోరునీళ్లు తాగదంట.