ఇంకేమైనా

అంబత్తూరు ఎస్టేటులో, రేకుల షెడ్డు పైన
మాది నీళ్లు వడగట్టే మిషన్ల కంపెనీ.
వేలచ్చేరి ఉప్పు, పోరూరు తుప్పు,
ఏ పేట బోరులో ఏముందో
నిద్రలో లేపి అడిగినా చెబుతాం.
ఏ ఇంట్లో ఎవరున్నారో తెలీదు.

గోడ మీద అంకెలు పచ్చగా ఉండేవి.
వందకు తొంభై ఆరు ఫిర్యాదులు
ఒక్క రోజులో మూత.
మూత అన్న మాట నాదే.
మీటింగులో చప్పట్లు మొదలుపెట్టిందీ నేనే.

ఆ మంగళవారం కాల్ సెంటర్లో సగం మందికి జ్వరాలు.
ఒక పూటకేగా అని
హెడ్‌ఫోన్ నేనే తగిలించుకున్నాను.
పదకొండో కాల్ కొళత్తూరు నుంచి, చెంగమ్మగారు.
నా పేరు వినగానే తెలుగులోకి దిగింది,
మూడు తరాలుగా అరవం పక్కన కాపురమున్న తెలుగు.
"మీవాడు వచ్చినాడు, ఫోన్లో ఏందో నొక్కినాడు, పోయినాడు.
సరి అయిపోయిందని నాకు మెసేజీ.
నీళ్లకి చదువు రాదు కదమ్మా,
కారతానే ఉండాయి."

తెర మీద చూశాను.
ఆమె ఫిర్యాదు నాలుగుసార్లు పుట్టి
నాలుగుసార్లు చచ్చింది.
నాలుగుసార్లూ పచ్చగానే.

వెళ్లినవాడు ఇరుదయరాజ్. పిలిచి కేకలేశాను.
మాట్లాడకుండా కిందికెళ్లి
స్కూటర్ సీటు కింది నుంచి
అంచులు తడిసి ఉబ్బిన డైరీ తెచ్చాడు.

పాడి, రెండో వీధి: తాతకు చెవుడు. బెల్లు దండగ, కిటికీ తట్టాలి.
అయనావరం: చంటిబిడ్డ. మధ్యాహ్నం డ్రిల్లు వద్దు.
కొళత్తూరు, చెంగమ్మ: తప్పు పైపుది కాదు, గోడది.
మిషను జరపాలి. గంట పని.

ఇంటికి ఇరవై నిమిషాలు.
ఇరవై ఒకటో నిమిషానికి బోనసు తెగుతుంది.
ఆ రూలు ఎవరిదని అతను అడగలేదు.
సంతకం నాకు గుర్తుంది.

సేల్స్ ఒక గది, సర్వీసు ఒక గది, అకౌంట్స్ ఒక గది.
తలుపులకు రంగులు కూడా నేనే ఎంచాను.
ఒక్క కారే పైపు
నాలుగు గడపలు దాటి నా దాకా రావాలంటే
నెత్తిన మూటతో కోయంబేడు దాటినంత.

బోనసు లెక్క మార్చాను.
అదే ఇంటి నుంచి మళ్లీ ఫోన్ రాకపోతేనే డబ్బు.
వరదరాజులుగారు లెక్కల పుస్తకం మూసి లేచారు:
"గంటకు గంట ఖర్చు. జాలికి పద్దు లేదు నా దగ్గర."
ఆయన్నీ మంగళవారాలు ఫోన్ దగ్గర కూర్చోబెట్టాను.
మొదటి వారం ముఖం గంటు పెట్టుకునే ఉన్నారు.
రెండో వారమూ అంతే.
మూడో వారం బిల్లు పట్టుకొచ్చి,
"ఇంత చీమ తలకాయంత అక్షరాలు ఎవడు పెట్టాడండీ?"
కాగితం కలిసొస్తుందని పెట్టింది ఆయనే.
ఇద్దరం కాసేపు ఆ బిల్లునే చూస్తూ నిలబడ్డాం.

ఫారం అడుగున ఒక గడి చేర్చాం: ఇంకేమైనా.
ఎంత రాసినా పడుతుంది.

అంకె తొంభై ఆరు నుంచి డెబ్బై ఒకటికి జారింది.
నుంగంబాకం నుంచి పెట్టుబడిదారు వచ్చాడు,
ఎర్ర గోడ చూశాడు, వాచీ చూసుకున్నాడు.
చెప్పడానికి నాకు దొరికింది
ఇరవై నిమిషాలే.

నిన్న వానలో వచ్చిన ఫారం:
చెంగమ్మ. మిషను జరిపాను. కారడం లేదు.
గంటా పది నిమిషాలు.
ఇంకేమైనా: మజ్జిగ ఇచ్చింది. వద్దన్నా వినలేదు.

దాని కిందే పెరంబూరుది ఒకటి,
తొమ్మిది రోజులుగా ఎర్రగా. పార్టు రాలేదు.
"పచ్చ చేసెయ్యనా మేడమ్?" కొత్త కుర్రాడు అడిగాడు.
ఫోన్ చేసి రాలేదని చెప్పు, అన్నాను.
"నిన్న చెప్పా కదా."
ఇవాళ కూడా చెప్పు.
"రోజూనా?"
రోజూ.