తప్పనిసరి గడి

ఎర్రవంతెన అవతల, మూతపడ్డ ప్రెస్సు మీది గదిలో
సొసైటీల కోసం ఫారాలు రాస్తాను.
కాగితం మీద కాదు, జావాలో.
“రాగిజావా అమ్మా?” అన్నారు మొదటిరోజు వీర్రాఘవులు గారు,
కింద వాటాలో నలభయ్యేళ్ళు అక్షరాలు పేర్చిన మనిషి.
ఆయన వేళ్ళకి సీసం వాసన ఇంకా పోలేదు.

పంటరుణం, చేపలచెరువు, ఎరువుల ఇండెంటు,
కొబ్బరితోట తనఖా...
మొత్తం నలభైమూడు.
ఒకటి రాసి, దానికి నకలు తీసి,
ఆ నకలుకి నకలు తీసి
పైన సొసైటీ పేరు, పక్కన మెనూ, అడుగున సంతకం చోటు
ప్రతి పేజీలోనూ విడివిడిగా నాటాను,
ఊడ్పుల్లో లాగా నడుం వంచి.

జిల్లా విడిపోయిన ఏడు
అన్నిటి నెత్తి మీదా పాత జిల్లాయే.
రెండు రాత్రులు వెతికి వెతికి మార్చాను.
మూడోనాడు పొద్దున్నే అంబాజీపేట నుంచి ఫోను:
“మా చేపల ఫారం ఇంకా కాకినాడలోనే ఉందండి.”

వీర్రాఘవులు గారు నవ్వలేదు.
అటక మీంచి తుప్పుపట్టిన ఇనపచట్రం దింపారు.
“శుభలేఖల చట్రం ఇది.
శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు,
చుట్టూ పువ్వుల అంచు, ఎప్పుడూ విప్పేవాణ్ణి కాదు.
బిగించి ఉంచేసి, నడుమ ఓ చెక్కముక్క పెట్టేవాణ్ణి.
పెళ్ళివారొచ్చాక చెక్క తీసి
ఆ ఖాళీలో పేర్లు పేర్చడమే.”

ఆ రాత్రి తల్లిపేజీ రాశాను.
నడుమ ఒక్క ఖాళీ వదిలి
అక్కడ ‘బిడ్డ’ అని గుర్తు పెట్టాను.
ఎక్స్‌టెండ్స్ అన్న ఒక్క మాటతో
నలభైమూడు ఫారాలూ ఇంటిపేరు తెచ్చుకున్నంత తేలిగ్గా
తల, మెనూ, సంతకం చోటు తెచ్చుకున్నాయి.
పేరు, ఆధారు, పాస్‌బుక్కు నంబరు
అందరికీ ఉండేవేగా అని
అవీ తల్లికే ఎక్కించాను.
నాలుగువేల లైన్లు చెరిపేశాను.
చెరపడంలో ఇంత సుఖముందని ఎవరూ చెప్పలేదు నాకు.

ఆషాఢం ముసురులో
ముక్తేశ్వరం సొసైటీ కిటికీ ముందు నక్కా పల్లాలమ్మ.
ఎకరం ముప్పావు లంకపొలం, కౌలు.
గుమాస్తా అన్నీ నింపాడు.
పాస్‌బుక్కు గడి ఎర్రబడింది: ఇది తప్పనిసరి.
సున్నాలు కొట్టాడు. ఒప్పుకోలేదు.
ఆసామీ నంబరు కొట్టి చూశాడు,
అప్పు ఆసామీ పేరున లేచి నిలబడింది.
“బూమి నాది కాదని నాకు తెల్సు బాబూ,
దానిక్కూడా ఓసారి చెప్పు” అందట.

దానికి చెప్పాల్సింది నేనే.
నకళ్ళ రోజుల్లో నా తప్పులు ఎక్కడివక్కడే పడి ఉండేవి.
దీన్ని ఒక్కసారే చేశాను,
ఒకే చోట చేశాను,
అందుకే పిల్లలందరికీ చేరింది.

కిందికి వెళ్ళి ఆయనకి చెప్పాను.
చాలాసేపు చట్రం మరలు తడుముతూ కూచున్నారు.
“ఒకసారి రిజిస్టరు పెళ్ళివాళ్ళు వచ్చారమ్మా.
పిల్ల సంచీలోంచి కాగితం తీసి
పైన ఏ అస్తూ వద్దండీ అంది.
అంచు సైతం ఊడదీయాల్సొచ్చింది. తెల్లారిపోయింది.”
ఆగి,
“డబ్బులు మామూలే తీసుకున్నాను” అన్నారు.

పాస్‌బుక్కు గడిని తల్లి ఒళ్ళోంచి దింపాను.
అవసరమైన పదిహేడు ఫారాలకీ విడిగా ఇచ్చాను,
కౌలు ఫారంలో ఆ చోట ఊరు, పొలం గట్ల వివరం అడిగాను.
తల్లిపేజీ చిన్నదయింది.
ఇంకా ఏం దాచుకుని ఉందో అని
ఒక్కో లైనూ పల్లాలమ్మ కళ్ళతో చదవబోయాను,
సగం దాకా చదవగలిగాను.

మర్నాడు పదకొండూ ఇరవైకి ఆమె ఫారం వెళ్ళింది.
భద్రపరచబడింది, అని ఆకుపచ్చగా వచ్చింది.
అప్పు చేతికందిందో లేదో
ఆ స్క్రీను చెప్పదు.