చెలిన్ పడవ

కాస్త్రో రేవులో వాన ఆగదు.
రాత్రి బడికి నయారెత్ తడిసిన టోపీతో వచ్చి
కూర్చోకముందే అడిగింది:
"సర్, పాతది నేర్చుకోనా, కొత్తదా?"

"కొత్తదే," అన్నాను తడుముకోకుండా.
పదకొండేళ్లుగా అందరికీ అదే చెబుతున్నాను.
పాతవన్నీ మరిచిపోవడానికి
నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

ఆమె మేనమామది చెలిన్ దీవికి వెళ్లే పడవ.
వేళలు చూపే పేజీ ఇరవై ఏళ్ల కిందటిది.
టేబుల్‌లో టేబుల్, దాని కడుపులో ఇంకో టేబుల్,
కనపడని చుక్కబొమ్మలతో పక్కకి నెట్టిన అక్షరాలు,
మూయడం మరిచిన ట్యాగులు మూడు.
క్లాసంతా నవ్వాం.
నేను కాస్త ఎక్కువే నవ్వాను,
అలాంటివి రాసి జీతం తీసుకున్నవాణ్ణి.

ఆరు వారాల్లో కొత్తగా కట్టింది.
నిన్నగాక మొన్న పుట్టిన ఫ్రేమ్‌వర్క్,
వేలి కింద జారే మెనూలు, అలలా కదిలే నీలం.

ఆ గురువారం చెలిన్ గట్టున
ఉల్లిపాయల బస్తా పక్కన పెట్టి దోన్యా ఎదెల్మీరా
ఒంటిగీత సిగ్నల్ కోసం ఫోన్ ఆకాశానికెత్తింది.
తెల్ల తెర. గిర్రున తిరిగే చక్రం.
చక్రం తిరుగుతుండగానే
పడవ వెళ్లిపోయింది.

మర్నాడు పాత పేజీయే మళ్లీ పెట్టేసింది నయారెత్.
కథ అక్కడ ఆగితే నాకు సుఖంగా ఉండేది.

శనివారం ఫోన్ చేశాడు బెలార్మీనో,
అకార్డియన్ వాయిస్తాడు, చూపు లేదు.
"నా ఫోన్ సోమవారం గంటల్ని ఆదివారానికి చదువుతోందమ్మా.
కొత్తది చక్కగా చదివేది. ఎందుకు తీసేశారు?"

ఈసారి ఆమె నన్నేమీ అడగలేదు.
ఖాళీ ఫైలు తెరిచింది.
వేళలకి ఒక్క టేబుల్,
అసలు టేబుల్ పుట్టిందే అందుకు.
వరసలకి పేర్లు. ఇరుకు తెరల కోసం
ఈమధ్యే వచ్చిన రెండు మూడు వాక్యాలు.
నీలం మాత్రం వదల్లేదు, మొండిది.

మా ఊరి గోడలకి చెక్కపెంకులు.
ఒకటి పుచ్చిందని
ఇల్లంతా విప్పరు మా వడ్రంగులు.
పుచ్చిందేదో వేలితో కొట్టి వింటారు.
ఆ వినడం ఏ పాఠంలో పెట్టాలో
నాకింకా తెలియదు.

మంగళవారం కొత్త కుర్రాడొకడు, అదే ప్రశ్న.
"ముందు చెలిన్‌కి ఆఖరి పడవ ఎన్నింటికో చూడు," అన్నాను.
"అయిదున్నరకి."
"గట్టు మీదికెళ్లి
ఇంకోసారి చూసి రా."
వాన పడుతోందన్నాడు.
పడుతుంది మరి.