పిన్నీసు

రేవులో తాడు విప్పినప్పుడు బాగానే పలికింది.
వశిష్ఠ నడిమికొచ్చి
సరుగుడు తోటలు వెనక్కి నడవడం మొదలెట్టాక
మాటలో చిన్న నత్తి.

ముందు నాకే వినబడింది.
పదహారేళ్ళుగా దాని పక్కన కూచుంటున్నవాణ్ణి,
దాని దగ్గు కల్లోకొచ్చినా లేచి కూచునేవాణ్ణి.
ఎవరికీ చెప్పలేదు.
పడవలో తొమ్మిది మందిమి,
సత్తుగిన్నెలో రొయ్యల వేపుడు, రెండు మంచినీళ్ళ బిందెలు,
అన్నాచెల్లెళ్ళ గట్టు చూపించమని
ఏడాదిగా నా ప్రాణం తీస్తున్న చెల్లెలి పిల్లలు,
కొత్త చొక్కాలో మా బావ పల్లాలరావు.

డుగ్ డుగ్ డుగ్. డుగ్.
ఆ తర్వాత
నీళ్ళు పడవని తట్టే చప్పుడొక్కటే.

"డీజిలైపోయుంటదిరా" అన్నాడు బావ.
మూత తిప్పి పుల్ల ముంచాను. సగం పైనే ఉంది.
మూత బిగించి హ్యాండిల్ తిప్పితే అంటుకుంది.
పిల్లలు చప్పట్లు కొట్టారు.
పావుగంట.
మళ్ళీ నత్తి, మళ్ళీ దగ్గు, మళ్ళీ నీళ్ళ చప్పుడు.

"పంకాకి గుర్రపుడెక్క చుట్టుకుందేమో."
బావ చొక్కా విప్పి, మడతపెట్టి, చెల్లి చేతికిచ్చి
నీళ్ళలోకి దిగాడు.
నైలాను వల ముక్క పట్టుకుని తేలాడు,
పండుగొప్ప దొరికినంత సంబరంగా.
అరచెయ్యంత ముక్క. దాంతో ఈ పంకాకి చక్కిలిగింతైనా పుట్టదు.
ఆ మాట నేననలేదు.

ఫిల్టరు విప్పి తెల్లగుడ్డ మీద ఒంపాను. నీటిచుక్క లేదు.
గొట్టం బోల్టు వదులు చేశాను.
డీజిలు ధార కట్టాలి కదా,
బొట్టు బొట్టుగా ఏడ్చింది.

అప్పటికే పాటు మొదలైంది.
లంగరేస్తే ఇసకలో దున్నుకుంటూ వస్తోంది గాని పట్టడం లేదు.
అంతర్వేది దీపస్తంభం
అడక్కుండానే దగ్గరకొస్తోంది.
మేం వెళ్ళాల్సిన దిక్కే అది.
మనం వెళ్ళడం వేరు, ఏరు తీసుకెళ్ళడం వేరు.
చెల్లి పిల్లల రెక్కలు పట్టుకుని దగ్గరకి లాక్కుంది.
గెడ దింపితే అడుగు తగల్లేదు.

"మావయ్యా," అంది మోక్షిత,
"నువ్వు మూత తీసినప్పుడల్లా అది ఉస్సుమంటుందేంటి?"

మూత చేతిలోకి తీసుకున్నాను.
ఉస్సుమంది.
గొట్టం చివర బొట్లు కాస్తా ధారయ్యాయి.

మూత నడినెత్తిన దట్టంగా పసుపు,
దాని మీద పావలా కాసంత కుంకం,
పొద్దుటి ఎండకి ఎండి పెళుసెక్కి.
దాని కింద, గాలి పీల్చుకోవడానికి పెట్టిన సూదిబెజ్జం.

ఎప్పుడూ ఇంజను ముక్కుకి పెట్టేది అమ్మ.
నిన్న నేనే బూడిదేసి తోమి
మూతని మెరిపించి చచ్చాను.
తళతళలాడేది కనిపిస్తే బొట్టు పెట్టకుండా ఎలా ఉంటుంది మనిషి?

"అమ్మా, పిన్నీసు."

ఎందుకని అడగలేదు.
గాజులకున్న గుత్తిలోంచి పెద్దది తీసిచ్చింది.
అందరికీ వీపు తిప్పి కూచుని పొడిచాను.
పచ్చటి పెచ్చు ఊడి ఒళ్ళో పడింది.
మూత ఎత్తి పట్టుకుంటే
బెజ్జంలోంచి ఆవగింజంత ఆకాశం.

ఈసారి అంటుకున్నది
ఆగలేదు.

"ఏవైందిరా?" అంది చెల్లి.
"వల ముక్కే," అన్నాను.
బావ తడి తల తుడుచుకుంటూ
"నే చెప్పలా!" అన్నాడు.
పోన్లే, అంత చలిలో మునిగాడు.
మోక్షిత మాత్రం నా మొహం చూసింది,
తర్వాత పసుపంటిన నా గోరు చూసింది.
రొయ్యల వేపుడు పంచేటప్పుడు నా ఆకులో రెండెక్కువ పడ్డాయి,
అది ఎవరి పనో అడగలేదు.

తిరుగుప్రయాణంలో పిన్నీసు అమ్మకిచ్చాను.
మొనకేసి చూసింది.
కొంగుతో తుడిచింది, నిదానంగా, రెండుసార్లు.
గాజుకి తగిలించుకుంటూ, ఒడ్డుకేసి చూస్తూ
"ఇకనించి చుక్కానికి పెడతాలే," అంది.

ఇంజను చప్పుడు బాగా ఎక్కువగా ఉంది.
వినబడనట్టు ఉండిపోవడానికి
అది చాలా సాయం చేసింది.